ఇల్లు మారాక డిష్ మళ్లీ సెట్ చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిందంటే మా బంధువుల్లో ఎవరో ఒకరు ఇల్లు మారతారు. పొద్దున పాలు పొంగిస్తారు, సాయంత్రానికి నాకు ఫోను: "బాక్సు పెట్టాం, నో సిగ్నల్ అంటోంది." అడిగేవాళ్లు మారుతుంటారు, అడిగేవి మాత్రం అవే. నేను ఏ డీటీహెచ్ కంపెనీ మనిషినీ కాను. సొంత డిష్‌ని ఐదు అద్దె ఇళ్లకు మోసుకెళ్లి బిగించుకున్నవాణ్ణి, అంతే. మన చిన్న డిష్‌ల గురించి, ముఖ్యంగా తెలుగు ఊళ్లలో, పదే పదే వచ్చే సందేహాలన్నీ ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## పాత ఇల్లు ఖాళీ చేసే ముందు

మేమే సెట్ చేసుకోవచ్చా, మెకానిక్ రావాల్సిందేనా?

డాబా మీదికి మెట్లుండి, పిట్టగోడ లోపలే నిలబడి చేయగలిగితే మీరే చేసుకోవచ్చు. మొదటిసారి రెండు గంటలు పడుతుంది, రెండోసారి అరగంట చాలు. గోడ అంచున వేలాడాల్సి వచ్చినా, దగ్గర్లో కరెంటు తీగలున్నా, వాన పడి నేల జారుతున్నా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 'రీలొకేషన్' అడగండి. ఛార్జీ ఎంతో, అందులో కొత్త కేబుల్ కలుస్తుందో లేదో ఫోన్‌లోనే తేల్చుకోండి. మనిషి గుమ్మంలోకి వచ్చాక అడిగితే మాట మారుతుంది.

డిష్ విప్పేటప్పుడు ఏం గుర్తు పెట్టుకోవాలి?

విప్పకముందే నాలుగు ఫొటోలు తీయండి. వెనక బ్రాకెట్ మీదున్న డిగ్రీల స్కేలు, ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు చేతి చివర ఉండి సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) ఎంత వంగి ఉంది, కేబుల్ ఎక్కడ తగిలించారు, మొత్తం డిష్ పక్క నుంచి ఎలా కనిపిస్తోంది, ఈ నాలుగూ. తర్వాత మార్కర్‌తో ఎల్‌ఎన్‌బికీ దాని క్లాంపుకీ కలిపి ఒక గీత గీయండి. అదే ఊళ్లో మారుతుంటే పైకీ కిందికీ వంపు ఇచ్చే బోల్టుల జోలికి అసలు పోకండి. పోల్‌కి పట్టిన బోల్టులు మాత్రం వదులు చేసి డిష్‌ని అలాగే పైకి లాగేయండి, కొత్త ఇంట్లో సగం పని తగ్గిపోతుంది. తీసిన బోల్టుల్ని తీసిన రంధ్రాల్లోనే వేలితో తిప్పి ఉంచండి. కవర్లో వేస్తే ఆ కవరు దీపావళి సామాన్లలో బయటపడుతుంది.

లారీలో డిష్ ఎలా పెట్టాలి?

నిలబెట్టి, దుప్పటి చుట్టి. పడుకోబెడితే దాని మీద ఎవరో ఒకరు బియ్యం డ్రమ్ము పెడతారు. రేకు సొట్టపోయినా, అంచు మెలిపడినా సిగ్నల్ ఒక బిందువు దగ్గరికి చేరదు. దాన్ని సుత్తితో సరిచేద్దామనుకోవద్దు.

పాత కేబుల్ పీకి తెచ్చుకోవాలా?

అక్కర్లేదు. ఎండకీ వానకీ నాలుగేళ్లు పడున్న కేబుల్ పై తొడుగు పగిలి, లోపలికి నీళ్లు దిగి ఉంటాయి. కొత్త ఇంట్లో డాబా నుంచి టీవీ దాకా ఒకే ముక్కగా ఆర్‌జీ-6 కేబుల్ వేసుకోండి. మధ్యలో ఎక్కడ అతికినా ఆ అతుకు మొదటి వానకే మొరాయిస్తుంది.

## కొత్త ఇంట్లో చోటు వెతికేటప్పుడు

డిష్ ఏ దిక్కుకు పెట్టాలి?

మన ఊళ్లకు దక్షిణం నుంచి ఆగ్నేయం కాస్త దాటే దాకా ఉన్న పట్టీలోనే అన్నీ ఉంటాయి. కంపెనీని బట్టి ఉపగ్రహం మారుతుంది. టాటా ప్లే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద (జీశాట్-10, జీశాట్-24), డీ2హెచ్ 88 మీద (ఎస్‌టీ-2), డీడీ ఫ్రీ డిష్, సన్ డైరెక్ట్ 93.5 మీద (జీశాట్-15), డిష్ టీవీ 95 మీద (ఎస్‌ఈఎస్-8), ఎయిర్‌టెల్ 108.2 మీద (ఎస్‌ఈఎస్-7).

హైదరాబాద్ నుంచి చూస్తే ఉత్తరం సున్నాగా సవ్యంగా లెక్కపెట్టిన దిక్కు 83కి 165 డిగ్రీలు, అంటే దక్షిణానికి కాస్త ఎడమగా. 88కి 151. ఫ్రీ డిష్‌కి 138. డిష్ టీవీకి 135, అంటే వాస్తు పండితుడు గీత గీసి చూపించే అచ్చమైన ఆగ్నేయం. ఎయిర్‌టెల్‌కి 118, ఆగ్నేయం దాటి తూర్పు వైపు.

ఇవేవీ గుర్తుండకపోతే ఒక తేలిక దారి ఉంది. కొత్త వీధిలో మీ కంపెనీ పేరున్న డిష్‌లు మూడు నాలుగు ఎటు చూస్తున్నాయో గమనించండి. ఒక్కదాన్నే చూసి నమ్మొద్దు, అది రెండేళ్ల కింద రీఛార్జి మానేసిన ఇంటిదై ఉండొచ్చు.

ఊరు మారితే దిక్కు కూడా మారుతుందా?

మారుతుంది, ఎంత మారుతుందో నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. హైదరాబాద్ నుంచి విశాఖకి మారినప్పుడు పాత ఫొటోలు ముందు పెట్టుకుని 83 డిగ్రీల ఉపగ్రహం కోసం అదే వంపు, అదే దిక్కు పెట్టాను. సాయంత్రం దాకా సున్నా. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ చూసి చూసి, "ఇక్కడ అందరివీ ఇంకాస్త కుడికి ఉంటాయి బాబూ" అంది. విశాఖ రేఖాంశం దాదాపు 83.2. ఉపగ్రహం ఉన్నది 83. అంటే అక్కడ అది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. హైదరాబాద్ కంటే 15 డిగ్రీల పైచిలుకు తేడా. ఎత్తు, అంటే నేల మట్టం నుంచి చూపు ఎన్ని డిగ్రీలు పైకి లేవాలో అది మాత్రం, రెండు ఊళ్లలోనూ ఇంచుమించు 69 డిగ్రీలే, అందుకే నేను మోసపోయాను.

ఫ్రీ డిష్ అయితే హైదరాబాద్‌లో 138, విజయవాడలో 141, విశాఖలో 149, బెంగళూరులో 128. కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్‌కి మారితే వచ్చే తేడా డిగ్రీలో సగం కూడా ఉండదు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

పక్కన పెద్ద అపార్ట్‌మెంట్ ఉంది, సిగ్నల్ వస్తుందా?

చాలాసార్లు వస్తుంది. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి ఉపగ్రహాలు నెత్తి మీదే ఉంటాయి. హైదరాబాద్‌లో 83 డిగ్రీలది 69 డిగ్రీల ఎత్తులో, 93.5ది 63లో, ఎయిర్‌టెల్‌ది 50లో ఉంటుంది. అడ్డం ఎంత దూరంలో ఉంటే ఇబ్బంది అన్నది దీన్నిబట్టే తేలుతుంది. డిష్ కంటే 10 మీటర్లు ఎత్తైన గోడ ఆ దిక్కులో ఉందనుకోండి. టాటా ప్లేకి 4 మీటర్ల దూరం సరిపోతుంది, ఫ్రీ డిష్‌కి 5 మీటర్లు, ఎయిర్‌టెల్‌కి 8 మీటర్ల పైన కావాలి. పైన చెప్పిన దిక్కులో గోడ లేకపోతే ఈ లెక్కే అక్కర్లేదు.

గోడ కంటే చెట్టుతో బాధ ఎక్కువ. మాఘంలో పెట్టిన డిష్‌కి అడ్డం రాని వేప, చైత్రంలో చిగురేసి వైశాఖానికి తెర దించేస్తుంది. ఇప్పటి కొమ్మల్ని చూసి కాక, ఆకులు నిండాక ఎలా ఉంటుందో ఊహించుకుని చోటు ఎంచుకోండి.

మాది ఫ్లాట్, డాబా మీదికి వెళ్లనివ్వరు. బాల్కనీలో పెట్టొచ్చా?

దక్షిణానికో ఆగ్నేయానికో తూర్పుకో తెరుచుకున్న బాల్కనీ అయితే ఆశ ఉంది. ఉత్తరం, పడమర అయితే లేదు, ఎంత ఖరీదైన డిష్ పెట్టినా అంతే. సరైన దిక్కున్నా ఇంకో చిక్కుంది. ఉపగ్రహం నెత్తి మీద ఉండటం వల్ల పై అంతస్తు బాల్కనీ స్లాబే అడ్డం వస్తుంది. కాబట్టి డిష్ రెయిలింగ్ దాటి బయటికి పొడుచుకు రావాలి. దానికి పొడవు చేతి బ్రాకెట్ కావాలి, బోల్టులు గట్టిగా ఉండాలి, కింద మనుషులు నడుస్తుంటారన్న భయం ఉండాలి. ఈ ఒక్క పని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

ఫోన్‌లో దిక్సూచి నమ్మొచ్చా?

డాబా మధ్యలో నిలబడి చూస్తే నమ్మొచ్చు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ పెద్ద తేడా లేదు. ఇనుప పోల్ పక్కన, నీళ్ల పైపుల దగ్గర, పిట్టగోడలో ఊచలున్న చోట అది అబద్ధమాడుతుంది. నాలుగడుగులు దూరంగా వెళ్లి దిక్కు చూసుకుని, ఆ వైపు దూరంగా కనిపించే టవరో గుడి గోపురమో గుర్తు పెట్టుకుని, తిరిగొచ్చి డిష్‌ని అటు తిప్పండి.

ఆగ్నేయం వైపు డిష్ ఉంటే వాస్తు దోషమని ఇంటి ఓనర్ గారు అంటున్నారు, ఏం చెప్పాలి?

డిష్ ఆగ్నేయంలో ఉండాల్సిన పని లేదు, ఆగ్నేయం వైపు చూస్తే చాలని చెప్పండి. ఆయన చూపించిన మూలలో పెట్టి దాని ముఖం మాత్రం మనకి కావలసిన వైపు తిప్పండి. గొడవ అక్కడితో తీరుతుంది.

## బిగించేటప్పుడు

స్టాండు ఎలా బిగిస్తే సరిగ్గా ఉన్నట్టు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. నాకొచ్చే ఫోన్లలో సగానికి పైగా కారణం దిక్కు తప్పడం కాదు, పోల్ ఒరగడం. బ్రాకెట్ మీద 63 అని రాసి ఉన్న గీత నిజంగా 63 కావాలంటే పోల్ నిట్టనిలువుగా ఉండాలి. పోల్ మూడు డిగ్రీలు వాలితే స్కేలు మూడు డిగ్రీల దాకా అబద్ధం చెబుతుంది. పైగా డిష్‌ని పక్కకి తిప్పినకొద్దీ ఆ అబద్ధం మారుతూ ఉంటుంది. ఇక రోజంతా వెతకొచ్చు.

మేస్త్రి రసమట్టం ఉంటే పోల్‌కి రెండు వైపులా, ఒకదానికొకటి లంబంగా ఆనించి చూడండి. లేకపోతే దారానికి ఒక నట్టు కట్టి వేలాడదీయండి. దారమూ పోలూ ఎటు నుంచి చూసినా జంటగా కనబడాలి. నేల వాలుగా ఉంటే స్టాండు కాలి కింద వాషర్లు వేయండి. నీళ్లు పోవడానికి మన డాబాలన్నీ వాలుగానే పోస్తారు కదా.

యాంకర్ బోల్టులు కాంక్రీటులో కొట్టండి, పాత ఇటుక గోడలో కాదు. డ్రిల్ చేయనివ్వని ఇల్లయితే ఇనుప స్టాండుకి నాలుగు వైపులా ఇటుకలో, ఇసుక మూటలో బరువు పెట్టండి. అది తాత్కాలికమే. ఉగాది తర్వాత వచ్చే గాలిదుమారానికి డిష్ తెరచాపలా లాగుతుంది, రాత్రికి రాత్రి జరిగిపోతుంది.

డిష్ గోడ వైపు చూస్తున్నట్టుంది, ఆకాశం వైపు ఇంకా పడుకోబెట్టాలా?

వద్దు. ఇంటి డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. రేకు చూపు ఒకటి, అది అందుకునే చోటు ఇంకొకటి. కంటికి కనిపించే దానికంటే 25 డిగ్రీల దరిదాపుల్లో పైనుంచి సిగ్నల్ తీసుకుంటుంది. 63 డిగ్రీల ఎత్తుకి సెట్ చేసిన రేకు నిలువు నుంచి 40 డిగ్రీల లోపే వెనక్కి వాలి ఉంటుంది. కంటి అంచనా వదిలేసి బ్రాకెట్ స్కేలు చూడండి.

ఎల్‌ఎన్‌బిని ఎంత వంచాలి?

హైదరాబాద్‌లో 83 డిగ్రీల ఉపగ్రహానికి 14 డిగ్రీలు, 93.5కి 40 డిగ్రీలు, 108.2కి 58 డిగ్రీలు, సుమారుగా. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తుంటే అపసవ్య దిశలో తిప్పాలి, అంటే గడియారం ముల్లుకి ఎదురు. విశాఖలో 83కి వంపే అక్కర్లేదు. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా బొమ్మ వస్తుంది. ముందు సిగ్నల్ పట్టుకుని, చివర్లో దీన్ని సన్నగా తిప్పి క్వాలిటీ (టీవీ తెర మీద బాక్సు సిగ్నల్ పేజీలో స్ట్రెంగ్త్ పక్కన కనిపించే అంకె) పెంచుకోండి.

కేబుల్ చివర కనెక్టర్ పెట్టడంలో కిటుకేమైనా ఉందా?

ఉంది. మధ్యలో రాగి తీగకి బయటి జాలీ పోగు ఒక్కటి తగిలినా షార్ట్. ఆ పోగుల్ని వెనక్కి దువ్వి, రాగి తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మిల్లీమీటర్లు బయటికి వచ్చేలా కోయండి. బిగించేటప్పుడు బాక్సు ప్లగ్గు పీకి ఉంచండి. ఎందుకంటే ఆ కేబుల్‌లోనే బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బికి 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళ్తుంది. ఎల్‌ఎన్‌బి దగ్గర కేబుల్‌ని ఒక చుట్ట చుట్టి కిందికి వేలాడేలా వదిలితే వాన నీళ్లు కనెక్టర్‌లోకి పాకకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

## సిగ్నల్ వెతికేటప్పుడు

స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, క్వాలిటీ సున్నా. ఎందుకు?

స్ట్రెంగ్త్ అంటే కేబుల్ బాగుంది, ఎల్‌ఎన్‌బి బతికుంది అని మాత్రమే అర్థం. డిష్‌ని ఖాళీ ఆకాశం వైపు తిప్పినా అది 80 చూపించగలదు. సరైన ఉపగ్రహం దొరికితేనే క్వాలిటీ కదులుతుంది. స్ట్రెంగ్త్ పెంచుతూ కూర్చుంటే చీకటి పడుతుంది. అది కూడా సున్నా అయితే మాత్రం డిష్‌ని ముట్టుకోకండి, కనెక్టర్ విప్పి చూడండి.

గంట నుంచి తిప్పుతున్నా దొరకట్లేదు, ఏం తప్పు చేస్తున్నాం?

బహుశా తొందర. బాక్సు సిగ్నల్‌ని గుర్తుపట్టి చెప్పడానికి మూడు నుంచి ఐదు సెకన్లు తీసుకుంటుంది. మీరు ఆలోపే దాటిపోతున్నారు. ఒక మనిషి టీవీ దగ్గర, ఒకరు డాబా మీద, మధ్య వీడియో కాల్. "వచ్చింది" అనే కేక కింది నుంచి పైకి చేరేసరికి అది పోయి ఉంటుంది.

పద్ధతి ఇదీ. ఎత్తుని స్కేలు మీద పెట్టి బిగించండి. డిష్‌ని లెక్క ప్రకారం రావాల్సిన దిక్కుకి 15 డిగ్రీలు ఎడమ నుంచి మొదలుపెట్టి వేలెడంత జరపండి, ఐదు అంకెలు లెక్కపెట్టండి, మళ్లీ జరపండి. కుడికి 15 డిగ్రీల దాకా వెళ్లినా రాకపోతే ఎత్తు ఒక డిగ్రీ పెంచి అదే దారిలో వెనక్కి రండి. తర్వాత ఒక డిగ్రీ తగ్గించి ఇంకోసారి. ఉపగ్రహం నెత్తి మీద ఉన్న మన ఊళ్లలో పక్కలకి రెండు డిగ్రీలు తప్పినా డిష్ క్షమిస్తుంది, ఎత్తులో రెండు డిగ్రీలు తప్పితే క్షమించదు. చాలామంది తలకిందులుగా చేస్తారు: ఎత్తు ఒకసారి పెట్టి మరిచిపోయి, పక్కలకే తిప్పుతూ ఉంటారు.

60 సెంటీమీటర్ల డిష్‌కి అంచు దగ్గర 5 మిల్లీమీటర్లు అంటే ఒక డిగ్రీ. అది గుర్తుంటే చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది.

సిగ్నల్ అందుతోంది, కానీ మా ఛానెళ్లు రావట్లేదు. ఏమైంది?

పక్క ఉపగ్రహాన్ని పట్టారు. 93.5కీ 95కీ మధ్య తేడా డిగ్రీన్నర మాత్రమే, చిన్న డిష్‌కి ఆ రెండూ ఇంచుమించు ఒకే కిటికీలో కనిపిస్తాయి. ఫ్రీ డిష్ పెట్టుకునేవాళ్లు ఒకసారి స్కాన్ చేసి డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వచ్చాయో లేదో చూసుకోండి. వస్తే మీరు సరైన చోటే ఉన్నారు.

శాట్ ఫైండర్ కొనాలా?

ఉపగ్రహం సిగ్నల్ తగిలితే చెప్పే చిన్న మీటరు అది, ఒక్కసారికి అక్కర్లేదు. ముల్లు తిరిగి కీచుమనే చవక రకం ఏ ఉపగ్రహం తగిలినా కీచుమంటుంది, అది ఎవరిదో చెప్పదు. వీధిలో నలుగురివీ మీరే సెట్ చేసేవాళ్లయితే తెర ఉన్న రకం కొనండి.

సిగ్నల్ బాగా వచ్చింది, బోల్టు బిగించగానే పోతోంది?

పానా తిప్పే చెయ్యి డిష్‌ని కూడా తిప్పుతోంది. ఒక బోల్టు పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లొద్దు. కుడిది పావు చుట్టు, ఎడమది పావు చుట్టు, మధ్యమధ్య క్వాలిటీ చూస్తూ బిగించండి. చివర్లో రేకు అంచుని వేలితో మెల్లగా పైకి నొక్కి చూడండి. క్వాలిటీ పెరిగితే ఎత్తు ఇంకా చాలలేదని అర్థం. కిందికి నొక్కితే పెరిగితే ఎక్కువైందని. రెండు వైపులా తగ్గితేనే కిందికి దిగి అన్నం తినండి.

## టీవీ వచ్చాక

సగం ఛానెళ్లు వస్తున్నాయి, సగం రావట్లేదు?

డిష్ దిక్కు తప్పితే క్వాలిటీ అన్నిటికీ పడిపోతుంది. సగం మాత్రమే పోయాయంటే ఎల్‌ఎన్‌బి వంపు తేడాగా ఉంది, లేదా బాక్సు పంపే 18 వోల్టులు పైదాకా చేరట్లేదు. నాసిరకం కేబుల్, తుప్పు పట్టిన కనెక్టర్, అతుకు, ఈ వరసలో చూడండి. చివరి అనుమానం ఎల్‌ఎన్‌బి మీద పెట్టుకోండి.

వాన పడితే పోతోంది. డిష్ జరిగిందా?

కుండపోతలో పది పదిహేను నిమిషాలు పోవడం మామూలే. మన డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాల్ని వాన చినుకులు మింగేస్తాయి. మబ్బు పట్టగానే, చినుకు పడకముందే పోతుంటే మాత్రం మీ సెట్టింగు అంచు మీద ఉందని అర్థం. ఎండలో క్వాలిటీ ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి బాక్సు కింద అంటించుకోండి. వాన వెలిశాక అంతకి తిరిగి రాకపోతే డిష్ జరిగింది. గాలి జరిపి ఉండొచ్చు, కోతి ఎక్కి కూర్చుని ఉండొచ్చు. మా పిన్ని వాళ్లింట్లో అయితే వడియాల చీర దారం ఎల్‌ఎన్‌బి ఆర్మ్‌కి కట్టారు.

మార్చిలో నాలుగైదు రోజులు మధ్యాహ్నం పూట కాసేపు పోయి వచ్చింది, ఏమిటది?

సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చాడు. మన ఊళ్లలో ఏటా మార్చి రెండో వారం ప్రాంతంలో, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో ఇలా జరుగుతుంది. ఉపగ్రహాన్ని బట్టి ఉదయం పదింటి ప్రాంతం నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర లోపు కొన్ని నిమిషాలు. ఏమీ చేయొద్దు. ఆ సమయంలో డిష్ మీద నీడ ఉందేమో చూడండి. ఉంటే ఆ నీడ ఇచ్చే కొమ్మే మీ సిగ్నల్‌కీ అడ్డం.

రీఛార్జి ఉంది, క్వాలిటీ బాగుంది, అయినా ఛానెల్ తెరుచుకోవట్లేదు?

బాక్సు చాలా రోజులు ఆపేసి ఉంచితే అనుమతులు చెరిగిపోతాయి. అవి ఉపగ్రహం నుంచే వస్తాయి కాబట్టి సిగ్నల్ లేని రోజుల్లో అందవు. కంపెనీ యాప్‌లోనో, రిజిస్టరైన నంబరు నుంచి ఫోన్ చేసో రిఫ్రెష్ అడగండి. బాక్సు ఆన్ చేసి, ఏదో ఒక ఛానెల్ పెట్టి అరగంట వదిలేయండి.

కొత్త ఇంట్లో రెండు టీవీలు. కేబుల్ టీవీ స్ప్లిటర్ పెట్టి చీల్చొచ్చా?

కుదరదు. ఒక బాక్సు 13 వోల్టులు పంపి కొన్ని ఛానెళ్లు అడుగుతుంటే రెండోది 18 పంపి వేరేవి అడుగుతుంది, ఇద్దరి మధ్య ఎల్‌ఎన్‌బి నలిగిపోతుంది. రెండు నోళ్లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బి పెట్టి, రెండు కేబుళ్లు విడివిడిగా దింపండి. డిష్ ఒకటే చాలు.

అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, డిష్ తీసుకెళ్తే తెలుగు ఛానెళ్లు వస్తాయా?

రావు. ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద 35,786 కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలిచి ఉంటాయి, అమెరికా నుంచి చూస్తే అవి నేల కిందికి పోతాయి. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ రేఖాంశం 97 డిగ్రీల పడమర దరిదాపు. 83 డిగ్రీల తూర్పుకి అది సరిగ్గా భూగోళం అవతలి వైపు. అక్కడ డిష్ పెట్టాలంటే పెరట్లో నేలలోకి గురిపెట్టాలి.